ఖాళీవి కూడా మోయించినాయన

ఆయన నన్ను మూడుసార్లు కొట్టాడు. మొదటిది కాస్త అన్యాయం. రెండోది పూర్తిగా న్యాయం. మూడోదాని మీద మా ఇద్దరికీ బేరం తెగలేదు. తెగకుండానే అవతలి మనిషి వెళ్ళిపోయాడు.

ఆ కబురు నాకు ఆయన కుర్చీ పక్కనే తెలిసింది. మా యానాంలోని రొయ్యల ప్లాంటు ఈమధ్య చేతులు మారింది. కొత్త యాజమాన్యం వాడే మెయిలు వేరు. ఉత్తరాలన్నిటినీ, అందరూ కలిసి వాడుకునే ఫోల్డర్లన్నిటినీ అటు మార్చాలని పోయిన నెల నన్ను పిలిచారు. సామాను మోసే ప్రోగ్రాం తెరవగానే మొదటి ప్రశ్న అడిగింది: ఖాళీ ఫోల్డర్లు వదిలెయ్యనా? దాని పక్కన టిక్కు ముందే పెట్టి ఉంది. ఆ టిక్కు తీశాను. తీయగానే ఎడమ చెవి గుయ్యిమంది. నాకు తెలియకుండానే అరచెయ్యి చెవి మీదకి వెళ్ళింది.

ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చునే ఆవిడ నన్నే చూస్తోంది.

"చెవిపోటాండీ?"

"కాదండి. ఇదివరకు ఈ కుర్చీలో ఒకాయన ఉండేవారు. ఆయన జ్ఞాపకం."

"బాబాయి గారా? ఆయన పోయి నాలుగు నెల్లయిపోయిందండీ. మీకు తెలీదా?"

తెలియదు. ఫరంపేటలో మా నాన్న కిరాణా కొట్టు నడిపిన రోజుల్లో చుట్టుపక్కల ఎవరు పోయినా మాకు గంటలో తెలిసేది. దినం సామాన్ల చీటీ మా కొట్టుకే వచ్చేది. నేను తెలివిగా కంప్యూటర్ల కొట్టు పెట్టాను. పోయినవాళ్ళకి ప్రింటరు సిరాతో పనుండదు.

ప్లాంటులో అందరికీ ఆయన బాబాయే. పొట్టి మనిషి, దుంగలాంటి చేతులు. కోపం వస్తే మెడ లోపలికి పోయి తల నేరుగా భుజాల మీద కూర్చునేది. నేనెరిగిన ఏళ్ళలో ఆ మెడ చూసింది తక్కువ. ఆఫీసు గదిలో కూడా మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకునే తిరిగేవాడు. రొయ్యలు ఒలిచే హాలు దాటి, తడిలోంచి నడిచి రావాలి మరి ఆయన గదికి. ఆ బూట్ల చప్పుడు వినగానే ఆఫీసులో ఫోన్లు మాట్లాడేవాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు.

కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. వయసులో ఉండగా అదే ప్లాంటులో ఐసు మిషను మీద పనిచేశాడట. ఐసు దిమ్మను లోపలికి తోస్తూంటే మిషను వేళ్ళను కూడా దిమ్మలో భాగమే అనుకుంది. ఈ కథ ఆయన నాకు టీ తాగుతూ చెప్పాడు, మజ్జిగలో కరివేపాకు అడ్డొచ్చిందన్నంత మామూలుగా.

"రెండు వేళ్ళూ ఐసుతో కలిసి పొడైపోయి రొయ్యల పెట్టెలో పడ్డాయిరా. అందరూ నన్ను పట్టుకుని ఆసుపత్రికి లాగేత్తన్నారు. నేను తన్ని, కరిచి, ఒదిలించుకుని, ముందా పెట్టె ఆపండెహె అని అరిచాను. ఆ పెట్టె లోడులో ఎక్కించకుండా పారబోసేదాకా ఆటో ఎక్కలేదు."

"మరి నెప్పి?"

"నెప్పేంట్రా. రొయ్యల్లో మనిషి కలిసిపోతే తినేవోడికెలా తెలుత్తాది?"

వేళ్ళు పోయాక కంపెనీ ఆయన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. మిగిలిన ఎనిమిది వేళ్ళతో ఆయన టైపు చేసేవాడు కాదు, ఐసు కొట్టేవాడు. ఏడాదికి రెండు కీబోర్డులు నా దగ్గరే కొనేవారు. ఆ లెక్కన ఆయన కోపం నాకు లాభమే.

ఆ గదిలో ఆయన ఏళ్ళ తరబడి కట్టుకున్నది ఒక్కటే: ప్లాంటంతా కలిసి వాడుకునే మెయిలు ఫోల్డర్లు. ఫోల్డరు అనేవాడు కాదు, అర అనేవాడు. ఊరికొక అర. ఊళ్ళో వీధికొక అర. వీధిలో రైతుకి, రైతులో చెరువుకి, చెరువులో పంటకి. ఒకదాని లోపల ఒకటి. ఏ ఉత్తరం ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. తనని అడక్కుండా అందులో ఎవరైనా కొత్త అర తెరిస్తే అంతే సంగతులు. ఒకసారి ఎకౌంట్సు గుమస్తా ఏదో తొందరలో కనకాలపేట కింద పేరు పెట్టని ఫోల్డరొకటి తెరిచాడు. బాబాయి బూట్లతో టకటకా వెళ్ళి, అతని కంప్యూటరుకున్న కేబులు పీకి, ఆ కేబులుతోనే గుమస్తాని కుర్చీకి చుట్టి ముడేశాడు. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాకే విప్పాడు. అదైనా విప్పేముందు అడిగాడట: "ఊరూ పేరూ లేకుండా పుట్టించావు. రేపు దాన్నెవరు సాకుతారు, మీ నాన్నా?"

వీటన్నిటికీ అడుగున, ప్రతి పంట లోపలా ఇంకొక అర ఉండేది. ఆరో అంతస్తు. దాని పేరు 'దొరికింది'.

ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. నాకు అర్థం కాలేదు కాబట్టే ఇంత రాయాల్సి వస్తోంది. రొయ్యలు పట్టేముందు చెరువులోంచి నమూనా తీసి కాకినాడ ల్యాబుకి పంపిస్తారు. వెయ్యకూడని మందు దొరికితే ల్యాబు మెయిలు పెడుతుంది. దొరక్కపోతే ఏమీ రాయదు, చూశామని ఫోను చేస్తుందంతే. ఫోను రాగానే బాబాయి ఆ పంట కింద 'దొరికింది' అని అర తెరిచేవాడు. మందు దొరికితే ఆ మెయిలు అందులో పడేది. దొరక్కపోతే అర ఖాళీగా ఉండేది. లోడు బండి గేటు దగ్గరికి వచ్చినప్పుడు గేటు గుమస్తా ఆ అర తెరిచి చూస్తాడు. ఖాళీగా ఉందా, బండి లోపలికి. అసలు అరే లేదా, పరీక్ష జరగలేదన్నమాట, బండి వెనక్కి.

మొదటిసారి మెయిలు మార్చే పనికి నేను బేరానికి వెళ్ళింది కొన్నేళ్ళ కిందట. పాత సర్వరు ఆయన గది మూలలో రోలులా కూర్చుని, రోలులాగే శబ్దం చేసేది. అందులోవన్నీ కొత్త మెయిల్లోకి ఎక్కించాలి. నాతో పోటీకి వచ్చిన కాకినాడ వాళ్ళు ఇరవై రోజులు అడిగారు. నేను తొమ్మిది అన్నాను. తొమ్మిదిలో ఎలా అవుతుందో నాకు తెలియదు. అవతలివాడు ఎంత అంటే అందులో సగానికి తక్కువ చెప్పి, తర్వాత దారి వెతుక్కోవడం నేను అరటిపళ్ళ బేరంలో నేర్చుకున్న విద్య.

దారి ఆయన గదిలో వెతికాను.

"బాబాయ్ గారూ, ఆరంతస్తులు ఎందుకండీ? లోతెక్కువైతే పేరు పొడుగైపోయి కొత్తది మొరాయిస్తాదండి. మూడుకి తేల్చేసుకుందాం."

"ఆరు."

"పోనీ మీ మాటా నా మాటా కాదు, నాలుగు."

"ఆరు."

"అయిదు. ఇంక ఇంతకన్నా ఎక్కలేనండి, ఒట్టు."

"వంకాయలు కొంటన్నావేంట్రా?"

మాటలతో లాభం లేదని, చేసి చూపిద్దామని ఆయన మౌసు అందుకున్నాను. మూడంతస్తుల్లో ఎలా ఉంటుందో చూడండి అంటూ దరియాలతిప్ప కింద ఒక కొత్త ఫోల్డరు తెరిచాను. పేరు పెట్టే లోపే మెడ మీద పడింది. మూడు వేళ్ళ చెయ్యి కదా అని తేలిగ్గా అనుకునేరు. ఉన్న మూడూ లేని రెండింటి పని కూడా చేసేవి. నా ముక్కు వెళ్ళి కీబోర్డుకి తగిలింది. అది మొదటిది.

"ఇప్పుడిను," అన్నాడు, నేను ముక్కు తుడుచుకుంటూంటే. "అన్నీ రావాలి. ఒక్కటి కూడా ఒదలకూడదు. కాళీయి కూడా."

"కాళీయి ఎందుకండీ? మోత దండగ."

ఆయన మెడ లోపలికి పోయింది. కానీ ఈసారి కొట్టలేదు. లేని వేళ్ళ చోటు గోక్కుంటూ చెప్పాడు.

"నేను ఐసు మిషను కాడున్నప్పుడు ఒకణ్ణి గేటు దగ్గర కుళ్ళబొడిచేశారు. మందేశావురా అని. పళ్ళూడిపోయినాయి ఆడికి. ఆడు వెయ్యలేదు. వెయ్యలేదని చూపించడానికి ఆడి చేతిలో ఏముంది? లేందాన్ని ఎలా చూపిత్తాడు? అందుకని అర పెట్టాను. కాళీగా ఉందంటే చూశాం, లేదు అని. అరే లేదంటే ఎవడూ చూళ్ళేదని. తెలిసిందా?"

"ఆయ్" అన్నాను. చెవులు విన్నాయి. బుర్ర తొమ్మిది రోజుల దగ్గరే ఉంది.

బయటికొచ్చి మేనేజరు గారి దగ్గర మరో బేరం పెట్టాను. బాబాయి పాత సర్వరుని నెల రోజులు కదపొద్దన్నాడు. నెలని పదిహేను రోజులు చేశాను, పదిహేనుని వారం చేశాను, వారాన్ని ఊదేశాను. ఆదివారం సాయంత్రానికి గది ఖాళీ చేసి ఆ పాత పెట్టె నేనే పట్టుకుపోతానన్నాను. మేనేజరుకి ఆ గదిలో ఏసీ పెట్టించుకోవాలని ఉంది.

"ఇంకొక్కటి సార్. శని, ఆదివారాలు రెండ్రోజులూ బాబాయి గారిని సెలవులో పంపించండి. ఆయన పక్కనుంటే పని తెమలదు."

"మంచిమాట చెప్పావు. నా చెవులకీ రెండు రోజులు సెలవు," అన్నాడాయన.

ఆ షరతు పెట్టింది నేనే. తర్వాత ఎవరూ ఆ సంగతి అడగలేదు. అడగలేదని చెప్పకుండా ఉండలేను.

శనివారం పొద్దున మోత మొదలుపెట్టాను. ఆ ప్రోగ్రాంలో అదే ప్రశ్న, అదే టిక్కు. ఖాళీవి వదిలెయ్యనా? మా నాన్న గుర్తొచ్చాడు. ఖాళీ గోనె బండి మీద వేస్తే బండివాడు దానికీ కిరాయి అడుగుతాడురా, మడిచి చంకలో పెట్టుకో అనేవాడు. టిక్కుని అలాగే ఉంచాను. గుట్టలు గుట్టలుగా ఫోల్డర్లు రాలిపోయి, పని ఆదివారం మధ్యాహ్నానికే అయిపోయింది. ప్లాంటులో అందరికీ మెయిలు పెట్టాను: ముప్పై వేల పైచిలుకు ఫోల్డర్లను ఏడు వేలకు తగ్గించి, తొమ్మిది రోజుల పనిని రెండు రోజుల్లో విజయవంతంగా ముగించాం. 'ముగించాం' అని రాశాను. ఉన్నది నేనొక్కణ్ణే.

సోమవారం రొయ్యల పట్టుబడులు మొదలు. ఆ పొద్దున గేటు దగ్గర జరిగింది నేను చూడలేదు. గేటు గుమస్తా చెప్పినదీ, తర్వాత కెమెరాలో చూసినదీ కలిపి చెబుతున్నాను.

ఏడింటికి బండ్లు బారులు తీరాయి. గుమస్తా మొదటి బండి రైతు పేరు కొట్టాడు. 'దొరికింది' అర లేదు. రెండో బండి. లేదు. మూడో బండి ధనమ్మది. దరియాలతిప్ప మనిషి, మొగుడు వేటకెళ్ళి తిరిగి రాకపోతే మేనల్లుణ్ణి తోడు పెట్టుకుని ఒక చెరువు కౌలుకి తీసుకుని సాగు చేస్తోంది. ఆ బండిలో ఉన్నది ఆ పంటంతా. ఆమెకీ అర లేదు. "పరీక్ష చేయించలేదమ్మా నువ్వు, బండి పక్కకి తియ్యి," అన్నాడు గుమస్తా.

"చేయించలేదా? నా ఎదుటే సీసాలో పట్టుకెళ్ళారు కదయ్యా!"

ల్యాబుకి ఫోను చేస్తే చూశామన్నారు గానీ, నోటిమాట చెల్లదు, సిస్టంలో కనబడాలి అన్నాడు మేనేజరు. పద్నాలుగు బండ్లు ఆగిపోయాయి. పదిహేనో బండికి అర ఉంది. ఎందుకుందంటే, అందులో ఉత్తరాలున్నాయి. ఆ రైతు చెరువులో కిందటి వారం మందు దొరికింది. ఒకసారి దొరికాక ఒప్పుకోలు ల్యాబు రాసే ఇవ్వాలి కాబట్టి, మళ్ళీ పరీక్ష చేయించుకుని అదీ తెచ్చుకున్నాడు. ఆ రెండు మెయిళ్ళూ అందులో భద్రంగా ఉన్నాయి. కాబట్టి గేటు తెరుచుకుని ఆ ఒక్క బండీ లోపలికి వెళ్ళింది.

మందు వెయ్యని పద్నాలుగు మందీ, మందు వేసిన వాడి బండి తమ ముందునుంచి లోపలికి పోవడం చూశారు.

మొదటి ఐసుముక్క గేటు గది అద్దంలోంచి దూసుకెళ్ళింది. తర్వాతది వాచ్‌మన్ దవడకి. గుమస్తాని కిటికీలోంచి జుట్టు పట్టి లాగారు. సగం బయటా సగం లోపలా వేలాడుతూ గాజుపెంకుల మీద పొట్ట చీరుకున్నాడు. ఎవరో మేనేజరు కారు మీదకెక్కి గెడతో పొడిచారు. ఒకడు దిమ్మలు లాగే ఇనప కొక్కెం తీసి గుమస్తా మీదకి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే బాబాయి సెలవు ముగించుకుని, క్యారేజీ పట్టుకుని, నడుచుకుంటూ వచ్చాడు. ఏమైందని అడగలేదు. గుమస్తాకీ కొక్కేనికీ మధ్యలోకి వెళ్ళాడు. కొక్కెం కనుబొమ్మ మీద దిగి చెంపదాకా చీల్చుకుంటూ వచ్చింది.

కెమెరాలో మాటలు వినబడవు. ఆయన క్యారేజీతో ఆ కొక్కెంవాడి మొహం మీద రెండు దెబ్బలు వెయ్యడం, పప్పు ఎగిరిపడడం, తర్వాత అదే మనిషి భుజం పట్టుకుని గేటు గదిలోకి వెళ్ళడం మాత్రం కనబడుతుంది. కంప్యూటరు ముందు అయిదు నిమిషాలు కూర్చున్నాడట. కీబోర్డంతా నెత్తురు. లేచి ఒక్కమాటే అన్నాడట: "కాళీయన్నీ నరికేశాడు."

నేను ఆ సమయానికి మా కొట్లో ఉన్నాను. పాత సర్వరు మూత ఊడదీసి, నాలుగు డిస్కులూ బల్లమీద పేర్చి, ఒక గిరాకీతో వాటి ధర మాట్లాడుతున్నాను. బూట్ల చప్పుడు విన్నాను. తలెత్తే లోపు ఎడమ చెవి మీద పడింది. గల్లాపెట్టె, నేను, పైన క్యాలెండరు కలిసి కింద పడ్డాం. గిరాకీ పారిపోయాడు. కొట్టుమెట్ల మీద నలుగురు రైతులు. వాళ్ళ ముందు ధనమ్మ.

"కాళీయి ఏవిరా?" అన్నాడాయన. మొహం సగం ఎర్రగా ఉంది, రెండో సగం తెల్లగా ఉంది. "నా కాళీయి ఏవి?"

"మోత... మోత దండగని..."

లేపి షోకేసుకి వేసి కొట్టాడు. అద్దం పగిలింది. మౌసులు, పెన్‌డ్రైవులు నా మీద కురిశాయి. ఇదంతా కలిపి ఒక్క దెబ్బకిందే లెక్కవేశాను. న్యాయమైనది అన్నది ఇదే.

ధనమ్మ ముందుకొచ్చింది. బల్లమీదున్న పొడుగు స్క్రూడ్రైవరు తీసుకుని నా బొడ్డు మీద ఆన్చింది.

"కొట్టోడా, నా బండిలో ఐసు ఎంతసేపుంటాదో నీ పేనం కూడా అంతసేపే ఉంటాది. బిగించు."

బిగించాను. ఆ నాలుగు డిస్కుల్లో ఏది ముందో ఏది వెనకో తప్పితే అన్నీ పోయినట్టే. తీసేటప్పుడు అమ్మకానికని ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని చీటీలు అంటించాను. నా దురాశే ఆ రోజు నా పొట్టని కాపాడింది. సర్వరుని ఆటోలో వేసుకుని ప్లాంటుకి వెళుతూంటే, దారంతా ఆ స్క్రూడ్రైవరు మొన నా చొక్కా బొత్తాల మధ్యే ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా నేను దేవుణ్ణీ మునిసిపాలిటీ వాళ్ళనీ కలిపి తలుచుకున్నాను.

పాతది మళ్ళీ రోలులా మోగడం మొదలెట్టేసరికి తొమ్మిదిన్నర. ఖాళీ అరల జాబితా తీశాం. మేనేజరు కారు అద్దాల పెంకులు దులుపుకుంటూ వచ్చి, జాబితా చాలదు, కొత్త సిస్టంలో కనబడాలి అన్నాడు. బాబాయి ఆయన మెళ్ళో వేలాడే గుర్తింపు కార్డు తాడుని గుప్పిట్లో మెలిపెట్టి దగ్గరికి లాక్కున్నాడు.

"కనబడతాయండి. ఈడు కడతాడు. ఒక్కొక్కటీ. అందాకా మీరు నోరిప్పకండి."

అలా ఆయన గేటు దగ్గర ఐసు పెట్టె ఎక్కి నిలబడ్డాడు. తలకి ఎవరిదో తువ్వాలు. చేతిలో జాబితా. పగిలిన కిటికీ లోపల నేను.

"దరియాలతిప్ప! సావిడి వీధి! సత్తిబాబు, రెండో చెరువు, మొదటి పంట! దొరికింది, కాళీ!"

నేను ఊరు తెరిచి, వీధి తెరిచి, రైతుని తెరిచి, చెరువు, పంట, దాని కింద 'దొరికింది'. ఆరంతస్తులూ. నేను మూడు చెయ్యమన్న ఆరు. "అయింది!" అని అరిస్తే గేటు లేచేది, బండి వెళ్ళేది. మధ్యలో పాతది రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా బయట గెడలు గేటుకి తగిలేవి. నేను పేరు తప్పు కొడితే కిటికీలోంచి చెయ్యి వచ్చి నా తల బల్లకి నొక్కేది. ఎవరిదో చూడలేదు. వేళ్ళు లెక్కపెట్టే తీరిక లేదు.

ధనమ్మ బండి వంతు వచ్చేసరికి పది దాటింది. బండి కిందనుంచి నీళ్ళు కారడం అప్పటికి ఆగిపోయింది. కారడానికి ఐసు ఉండాలిగా. లోపల గ్రేడింగు బల్లమీద పోస్తే పైవరస పెట్టెల్లో రొయ్యల తలలన్నీ నల్లబడ్డాయి. సగం తీసుకున్నారు. సగం వెనక్కి ఇచ్చారు.

ఆమె ఆ పెట్టెలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కొక్కటీ తనే మోసుకొచ్చి గేటు గది తలుపు ముందు, నా కాళ్ళ దగ్గర బోర్లించింది. నా పాదాలు, తర్వాత చీలమండలు కనబడకుండా పోయాయి. చివరి పెట్టె ఎత్తి నా నెత్తిమీద పోసింది.

"చూసుకో," అంది. "ఒక్కదాంట్లో అన్నా మందు దొరుకుద్దేమో చూసుకో."

వెళ్ళిపోయింది. స్క్రూడ్రైవరు కూడా తీసుకుపోయింది. ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. అడిగే ధైర్యం నాకు లేదు.

అన్ని బండ్లూ లోపలికి వెళ్ళాక, బాబాయి ఐసు పెట్టె మీద కూలబడి ఉండగా, నేను రొయ్యల కుప్పలోంచి కాళ్ళు పీక్కుని దగ్గరికి వెళ్ళాను. నేను బేరాల ఇంట్లో పుట్టినవాణ్ణి. ఎంత పోయినా మిగిలినదాన్ని ముందు చూపించడం నా నోటికి అలవాటు.

"పోనీలెండి బాబాయ్ గారూ. సగమన్నా మిగిలింది కదండీ."

మూడోది అప్పుడు పడింది. లేచి కొట్టలేదు. కూర్చునే, అరచెయ్యి తిప్పి, నెమ్మదిగా. పళ్ళు కదల్లేదు, నెత్తురు రాలేదు. మూడింటిలో అదే ఎక్కువ నొప్పి. పద్నాలుగు బండ్లకి అరలు కట్టిన తర్వాత ఆ దెబ్బ ఎక్కువని నా వాదన. ఆయన వాదన ఆయన చెప్పలేదు. ఆసుపత్రికి నడిచి వెళ్ళిపోయాడు. కనుబొమ్మ మీద మచ్చ మిగిలింది. తర్వాత ఆ కన్ను పూర్తిగా మూతపడేది కాదు.

ఆ తర్వాత నేను పదిరోజులు పైసా తీసుకోకుండా కూర్చుని ఇరవై మూడు వేల ఖాళీ అరలూ మోశాను. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నన్ను మానిపిస్తారనుకున్నాను. మానిపించలేదు. ప్రింటర్లు, కేబుళ్ళు, కెమెరాలు, ఏ పని ఉన్నా నన్నే పిలిపించేవాడు. పని అయ్యాక బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి, ప్రతి తీగా లాగి చూసి వెళ్ళిపోయేవాడు. బాగుందనలేదు ఏనాడూ. నా మీద ఇంకా కసి ఉందనే అనుకుంటూ వచ్చాను.

పోయిన నెల ఆ టిక్కు తీశాక మోత పూర్తయింది. ఆ కుర్చీలో ఆవిడ, నేను పాతవీ కొత్తవీ సరిచూస్తున్నాం. సామాన్లు ఇచ్చేవాళ్ళ అరల దగ్గర ఆవిడ ఆగింది.

"ఇది మీ పేరేనాండీ?"

ఫరంపేట. మా వీధి. నా పేరు. దాని కింద కొట్టు. కొట్టు కింద నేను చేసిన పనులు, ఒక్కొక్కటీ. ప్రతి పని లోపలా 'దొరికింది'. ఆరంతస్తులు.

మొట్టమొదటి పనిలో ఒక ఉత్తరం ఉంది. ఆదివారం మధ్యాహ్నం నేను పెట్టిన మెయిలే, 'విజయవంతంగా ముగించాం' అన్నది. దానిమీద ఆయన ఎనిమిది వేళ్ళతో కొట్టిన ఒక్క వాక్యం: ధనమ్మ, దరియాలతిప్ప, సగం.

దాని కిందకి వెళ్ళాం. రెండో పని, ఖాళీ. మూడోది, ఖాళీ. నాలుగోది. తొమ్మిదోది. మొదటిది కాక పదకొండు పనులు. పదకొండూ ఖాళీ.

తీగలు లాగి చూసి వెళ్ళి, ఆ గదిలో కూర్చుని, అర తెరిచి, అందులో ఏమీ వెయ్యకుండా మూసేవాడన్నమాట.

"పాతవాట్లో అక్కర్లేనివి వదిలెయ్యొచ్చన్నారండి కొత్తోళ్ళు," అంది ఆవిడ, నా మొహం చూసి మెల్లగా. "ఆ మెయిలొక్కటీ తీసేద్దామంటే తీసేద్దాం. ఎవరడుగుతారు?"

అబద్ధం ఎందుకు, బేరం నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్కటే కదా. కానీ కొట్టువాడి కొడుకుని. సరుకు విలువ తెలియనివాణ్ణి కాదు. ఆ ఒక్కటీ తీసేస్తే, కింది పదకొండు ఖాళీలూ ఎవరూ చూడనివే అయిపోతాయి. ఆయన చూశాడనడానికి సాక్ష్యం అదొక్కటే.

"ఉండనివ్వండి," అన్నాను. "సరిచూడండి."

"పాతదాన్లో ఒకటండి. ఇక్కడా ఒకటే."

"కింద?"

ఆవిడ ఒక్కొక్కటీ తెరిచి చదువుతూ వచ్చింది. కాళీ. కాళీ. కాళీ. ఎడమ చెవి మీద నుంచి చెయ్యి తీసి నేను విన్నాను.